దండ వేసిన ముఖం

మా ఫోటో దుకాణం ఎందుకు దెబ్బతిన్నదని అడిగితే నారాయణఖేడ్‌లో ఎవరైనా ఒకటే జవాబు చెప్తారు. సెల్‌ఫోన్లు వచ్చాయి కదా అంటారు. అడిగినవాళ్లు కూడా నిజమే నిజమే అని తలూపుతారు. సెల్‌ఫోన్ మీద ఏ నింద వేసినా అది నోరెత్తదు కాబట్టి నేనూ చాలాకాలం అదే చెప్పి ఊరుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం చెప్పాలంటే ఒక ఆడమనిషి గురించి చెప్పాలి. ఆమె పేరు చెప్పను.

బస్ డిపో నుంచి బజారుకు పోయే దారిలో ఉంది దుకాణం. మాది ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం. మా పెద్దలు బీదర్ వైపు నుంచి బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బట్టల తానుల మధ్య కూర్చోనని మొండికేసి మా నాన్న కెమెరా పట్టుకున్నాడు. నాన్నను మేము అప్పా అంటాం. ఊరు ఫోటో సేటు అంటుంది. మొదట్లో మూడు కాళ్ల మీద నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకొని తీసే పెట్టె కెమెరా ఒకటే ఉండేదట. తర్వాత రీళ్లు అమ్మాడు, బ్యాటరీ సెల్లులు అమ్మాడు, ఫ్లాష్‌లు బాగుచేశాడు, అద్దాల అల్మారాలో కొత్త కెమెరాలు పెట్టి అమ్మాడు. ఖేడ్‌లో కెమెరా కొనేదెవరు? బదిలీ మీద వచ్చిన సారులు, దవాఖాన డాక్టరు, తాసీలు ఆఫీసులో పనిచేసే ఒకరిద్దరు. మిగతా జనం అల్మారా ముందు నిలబడి చూసి, పెళ్లికి సేటునే పిలుచుకునేవాళ్లు.

వెనక కిటికీ లేని గది ఉండేది. ఎర్ర బల్బు వేసుకొని అప్ప అందులో రీళ్లు కడిగేవాడు. ఆ మందు వాసన మా బట్టలకు, అన్నానికి, నా జడలకు కూడా పట్టేది. బడిలో ఆడపిల్లలు నా పక్కన కూర్చోనంటే నేను కొట్టేదాన్ని. రంగుల ఫోటోలు వచ్చాక కడిగే పని హైదరాబాద్‌కు పోయింది. పొద్దున బస్సులో కండక్టరు చేతికి రీళ్లిస్తే, ఫోటోల కవర్లు తిరుగు బస్సులో వచ్చేవి. పెళ్లివాళ్లు బెంచీ మీద పరీక్ష ఫలితాలకు కూర్చున్నట్టు కూర్చునేవాళ్లు. పెళ్లికూతురు కళ్లు మూసుకుంటే తప్పు అప్పదే. మేనమామ ఫోటోలో పడకపోతే అదీ అప్పదే. అన్నీ విని అప్ప నవ్వేవాడు. కోపం మొత్తం కూతురికి వదిలేసి ఆయన నవ్వు ఒక్కటే ఉంచుకున్నాడని అమ్మ అనేది.

నా డిగ్రీ అయ్యేసరికి దుకాణంలోకి కంప్యూటర్ వచ్చింది. దానితో పాటు నేనూ కౌంటర్ వెనక్కి వచ్చాను. పెళ్లయినా రెండు గల్లీల అవతలే కాపురం కాబట్టి దుకాణం వదల్లేదు. రీళ్లు పోయాయి, అల్మారాలో కెమెరాలు దుమ్ము పట్టాయి, పెళ్లిళ్లు డ్రోన్లు ఎగరేసే పిల్లల చేతికి పోయాయి. మాకు చావు ఫోటో మిగిలింది.

చావు ఫోటో అంటే చనిపోయినవాళ్లది దినాలనాడు కుర్చీలో పెట్టి దండ వేసి, తర్వాత గోడకు తగిలించే పెద్ద ఫోటో. పల్లెల్లో చాలామందికి ఒంటరిగా దిగిన ఫోటో ఉండదు. ఆధార్ కార్డు తెస్తారు, అందులో మనిషి పోలీసులు పట్టుకున్నట్టు ఉంటాడు. లేదంటే ఎవరిదో పెళ్లిలో పదిమంది మధ్య నిలబడిన ఫోటో తెస్తారు. అందులోంచి ఆ ముఖం తీసి, పెద్దది చేసి, మూసుకున్న కళ్లుంటే తెరిచి, మగవాళ్లకు కోటు తొడిగి, వెనక నీలం రంగు వేసి ఇవ్వాలి. ఆడవాళ్లయితే మొదట అడగాల్సిన మాట ఒకటుంది, బొట్టుతో పోయిందా అని. ముందే భర్త పోయినామె నుదుటి మీద బొట్టు ఉండిపోతే గొడవలైపోతాయి. ఆ మాట అడగడం నాకు ఎప్పుడూ చేదుగానే ఉండేది, అయినా అడిగేదాన్ని.

గుంపులోంచి ముఖం తీయడానికి అప్ప ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కౌంటర్ మీద బొట్టుబిళ్లల అట్ట ఉండేది. ఫోటో తెచ్చినవాళ్లే ఒక బిళ్ల ఊడదీసి, చనిపోయిన మనిషి ఛాతీ మీద తమ చేత్తో అంటించాలి. మేము అంటించం. ఏడుస్తూ వచ్చినవాళ్లు వేలితో చూపిస్తే ఎటు చూపించారో తెలియదని, ఆ పద్ధతి వచ్చాక ఎప్పుడూ తప్పు జరగలేదని అప్ప గర్వంగా చెప్పుకునేవాడు. పెద్ద కొడుకు పోయాడని మనూర్ వైపు నుంచి ఒక ముసలాయన వచ్చేదాకా అది నిజమే.

ఆ కొడుకు హైదరాబాద్‌లో భవనం పని మీద ఉండి, పైనుంచి పడి చనిపోయాడు. దహనం కూడా అయిపోయింది. ముసలాయన కూతురి పెళ్లిలో తీసిన ఫోటో తెచ్చాడు. ఆ పెళ్లి తీసింది అప్పే. అన్నదమ్ములిద్దరూ భుజం భుజం కలిపి నిలబడ్డారు. ఒకే తాను గుడ్డతో కుట్టించిన చొక్కాలు, ఒకే రకం మీసాలు. ముసలాయనకు రెండు కళ్లలోనూ పొర. బొట్టుబిళ్ల తీసి, ఫోటోను ముక్కు దాకా తెచ్చుకొని అంటించాడు. అది సరిగ్గా ఇద్దరి భుజాలు కలిసిన చోట అంటుకుంది.

ఆయన వెళ్లిపోయాక నేను చూశాను.

“అప్పా, బిళ్ల ఇద్దరి నడుమ పడ్డది. ఫోన్ చేసి అడుగుదమా?” అన్నాను.

“ఏడ్చే ఇంటికి ఫోన్ చేసి మీవోడు ఎవడని అడుగుతవా? గా పెండ్లి తీసింది నేను. పెద్దోడెవడో నాకు తెల్వదా?” అన్నాడు.

అప్ప చూపించిన ముఖం నేను తీశాను. కళ్లు తెరిచే ఉన్నాయి, పెద్ద పని లేదు. కోటు తొడిగాను. ఫ్రేము కట్టి, పాత పేపర్ చుట్టి ఇచ్చాం. దినాల దాకా ఆ పేపర్ విప్పకూడదని అటువైపు ఊళ్లలో ఒక పట్టింపు. ఇంట్లో పై అరలో పెట్టేస్తారు. దానివల్ల తప్పు బయటపడే దారి కూడా మూసుకుపోయింది.

దినాలనాడు ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా విన్నాను. తమ్ముడు గుండు చేయించుకొని, అయ్యగారి ఎదుట కూర్చొని పిండాలు పెడుతున్నాడు. ఫోటో కుర్చీ ఆయన వీపు వెనక ఉంది, అప్పుడే పేపర్ విప్పి అందులో పెట్టింది చూపు ఆనని ముసలాయనే. చనిపోయినవాడి భార్యను ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్క పట్టుకొని నడిపించుకొచ్చారు. కొంగు ముఖం మీద దాకా లాగి ఉంది. చేతిలో దండ పెట్టి ఫోటోకు వేయించారు. వేశాక అక్కడే గాజులు పగలగొట్టి బొట్టు తుడిచేశారు. అప్పుడు తమ్ముడు లేచి వచ్చి అన్న ఫోటోకు దండం పెట్టబోయాడు. తన ముఖమే దండ వేసుకొని కూర్చుంది.

నవ్వుకునే తప్పు కాదది. బతికున్న మనిషికి చావు దండ పడింది. వేసింది వదిన. ముందు ఆమె అత్త నోరు తెరిచింది. మొగుణ్ని మింగింది చాలక చిన్నోడి మీద కూడా పడ్డదన్నది. కట్టుకున్నోని ముఖం గుర్తుపట్టని ఆడది ఏం ఆడదని ఇంకొకరు అన్నారు. తెలిసే వేసింది, ఆ మరిది మీద కన్ను ఎప్పటినుంచో ఉందని మరెవరో అన్నారు. ఒకసారి ఆ మాట పుట్టాక ఇక దాన్ని ఆపేవాళ్లు లేరు.

మరునాడు పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. ఫ్రేమును కౌంటర్ మీద బోర్లా పెట్టాడు.

“సేటు, నేను బతికే ఉన్న,” అన్నాడు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

అప్ప ముఖం తెల్లబడిపోయింది. అయినా నోట్లోంచి వచ్చింది వేరే మాట. “మీ నాయిన పెట్టిన బొట్టుబిళ్లనే తమ్మీ,” అన్నాడు. సాయంత్రానికల్లా సరైన ముఖంతో కొత్త ఫోటో చేసి, పైసలు తీసుకోకుండానే పంపించాం. అక్కడికి అయిపోయిందని అప్ప అనుకున్నాడు. అనుకోవాలని అనుకున్నాడు.

తర్వాత కొన్ని రోజులకు ఆమె వచ్చింది. నడివయసు కూడా రాని మనిషి. బోసి నుదురు, బోసి చేతులు, చంకలో చిన్న ఆడపిల్ల. దుకాణంలో ఇంకెవరూ లేరు. కూర్చోమంటే కూర్చోలేదు.

“సేటు, మా ఊరికి రా. నలుగురి నడుమ నిలబడి తప్పు నాది అని చెప్పు. నేను తలెత్తి సూడలే. సూసేటట్టు ఉంచిన్రా నన్ను?” అన్నది.

“కొత్త ఫోటో చేసిచ్చిన గదమ్మా,” అన్నాడు అప్ప.

“ఫోటో కాదు సేటు. మాట కావాలె.”

“అప్ప రాకపోతే నేనొస్త,” అన్నాను నేను. ఆమె నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. “నీ మాట ఎవలు ఇంటరక్కా? ఇద్దరాడోళ్లు ఒక్కటైన్రు అంటరు. ఫోటో తీసినోడు చెప్పాలె, మొగోడు చెప్పాలె.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజమని తెలుసు కాబట్టి నాకు ఇంకా మండిపోయింది. అప్ప అల్మారా వైపు చూస్తూ “వస్త బిడ్డా, చూసుకొని వస్త,” అన్నాడు. ఆమె నమ్మింది. పాపను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకొని, ఆటో దొరుకుతుందో లేదోనని జల్దీ జల్దీ వెళ్లిపోయింది.

అప్ప వెళ్లలేదు. ఆ వారం పోలేదు, పై వారం పోలేదు. నేను అడిగితే ముందు మోకాళ్ల నొప్పి అన్నాడు, తర్వాత అసలు మాట చెప్పాడు.

“నేను పోయి చెప్తె ఏమైతదో తెల్సా? బతికున్నోన్ని సంపిన సేటు అంటరు. ఇగ ఎవ్వలన్న మన దగ్గర చావు ఫోటో చేయించుకుంటరా? గీ దుకాణం గిప్పుడు దేని మీద నడుస్తుందో నీకు తెల్వదా?”

“ఆమె బతుకు ఏంగావాలె మరి?”

“ఊరన్నంక అనుకుంటరు. నాలుగు దినాలైతె మర్సిపోతరు.”

మా అప్ప చెడ్డవాడు కాదు. ఇది రాస్తుంటే కూడా ఆ వాక్యం తుడిచేయబుద్ధి కావడం లేదు. పేదింటి పిల్లల హాల్‌టికెట్ ఫోటోలకు ఎన్నడూ పైసలు అడగలేదు. కానీ ఆ రోజుల్లో ఆయనంటే నాకు అసహ్యం వేసింది. ఒకే కౌంటర్ వెనక నిలబడి, అవసరమైన మాటే మాట్లాడుకునేవాళ్లం. పద్ధతి పెట్టినవాడు తనే, పద్ధతిలో తేడా కనబడ్డా పట్టించుకోనివాడు తనే. శిక్ష మాత్రం ఆటోలో వచ్చి ఆటోలో పోయిన మనిషికి.

ఆమెను పుట్టింటికి పంపించేశారని మనూర్ రూటు ఆటో అతను చెప్పాడు. పంపడమంటే, పాపను, ఒక బట్టల మూటను ఆటోలో కూర్చోబెట్టి, ఎక్కడ దిగాలో డ్రైవర్‌కు చెప్పడం. పుట్టిల్లు సిర్గాపూర్ వైపు పల్లె. చనిపోయినవాడి వాటా పొలం కూడా ఆ ఏడాది తమ్ముడి అరకతోనే దున్నారని తర్వాత విన్నాను. అప్ప ఆ మాట విన్నాడు. కొట్టు వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. కడగడానికి అక్కడ రీళ్లు లేవు, మందులూ లేవు. పాత ట్రేలు మాత్రం ఉన్నాయి.

అప్పటి నుంచి ఆయనలో ఏదో తేడా వచ్చింది. చావు ఫోటోకు వచ్చినవాళ్లను ఒకటికి నాలుగుసార్లు అడిగేవాడు. ఇతనేనా, నిజంగా ఇతనేనా, ఇంట్లో ఇంకెవరికైనా చూపించారా అని. దుఃఖంలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. కొందరినైతే పక్క బజారులో కొత్తగా పెట్టిన స్టూడియోకు తనే పంపేవాడు. అన్నం సగంలో లేచిపోయేవాడు. పరేషాన్ ఎందుకు అని అమ్మ అడిగితే షుగర్ అనేవాడు. నాకు జాలి వేయలేదు. బాగా అయింది అనుకున్నాను.

రెండు వానాకాలాలు గడిచాయి. కందులు పూత మీద ఉన్న రోజుల్లో, ఒక పొద్దున దుకాణం తెరిచి కాసేపైనా కాకముందే అప్ప మళ్లీ షట్టర్ కిందికి లాగాడు. చేతిలో పేపర్ చుట్టిన ఫ్రేము ఉంది.

“నడు,” అన్నాడు. నేను వెంట నడిచాను.

మొదట మనూర్ వైపు ఆమె అత్తగారింటికి పోయాం. ముసలాయన మంచం మీద ఉన్నాడు. ఆ కళ్లకు ఇప్పుడు పగలూ రాత్రీ కూడా తేడా లేనట్టుంది. అత్త అరుగు మీద కూర్చొని జొన్నలు చెరుగుతోంది. అప్ప నిలబడే చెప్పాడు. బిళ్ల ఇద్దరి నడుమ పడిందని, అడగమని బిడ్డ చెప్పినా తాను అడగలేదని, మీ పెద్ద కోడలి తప్పు ఏమీ లేదని చెప్పాడు. ఆ మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

ఆమె చేట ఆపలేదు. “మాకెర్క లేదా సేటు? గా దినమే ఎర్క. ఫోటో నువ్వు జేసినవు, బిళ్ల గీయన పెట్టిండు. గుడ్డిది గాదు గద అది, కొంగు కప్పి నడిపిచ్చింది మేమే. అయిపోయిన ముచ్చట. ఇప్పుడు ఇల్లు సల్లగున్నది. గల్లీల చెప్పకున్రి. చాయ్ తాగుతరా?”

అప్ప నావైపు చూశాడు. ఏదైనా అర్థం అయిందా అని చిన్నపిల్లలు పెద్దవాళ్ల వైపు చూస్తారే, అట్లా. నాకు అర్థమయింది. ఆమెను వెళ్లగొట్టడానికి వాళ్లకు ఒక సాకు కావలసి వచ్చింది, మేము చేసి, ఫ్రేము కట్టి, పేపర్ చుట్టి ఇచ్చాం. అప్ప నోరు తెరవకపోవడం వాళ్లకు రెండో సాయం. చాయ్ తాగకుండా వచ్చేశాం.

మళ్లీ ఖేడ్ వచ్చి, అక్కడి నుంచి సిర్గాపూర్ ఆటో ఎక్కాం. ఆమె ఊరు చేరేసరికి ఎండ వాలింది. రేకుల ఇల్లు. కలుపు తీసి వచ్చి చేతులు కడుక్కుంటోంది. చాలా చిక్కిపోయింది. మమ్మల్ని చూసి చెంబు కింద పెట్టింది.

అప్ప పేపర్ విప్పి ఫ్రేము ఇచ్చాడు. చనిపోయిన భర్త ముఖం. కోటు లేదు, ఆ పాత ఫోటోలోని చొక్కాతోనే ఉన్నాడు. తన దగ్గర భర్త ఫోటో ఒక్కటైనా లేదట, అత్తవాళ్లు ఇవ్వలేదట. చాలాసేపు చూసింది. వేలితో అద్దం మీద ఆయన చెవి దగ్గర రుద్దింది, అక్కడేదో అంటుకున్నట్టు.

“మీ అత్తోళ్లకు చెప్పొచ్చిన బిడ్డా. తప్పు నాది అని చెప్పిన,” అన్నాడు అప్ప.

“ఏమన్నరు?”

నేనే చెప్పాను, వాళ్లకు ముందే తెలుసట అని.

ఆమె నవ్వింది. “నాకెర్క అక్కా. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నన్ను ఎల్లగొడ్తరని నాకు అప్పుడే ఎర్క. ఇంట్ల ఉండనియ్యిమని అడగనీకి రాలే నేను మీ దుకాణానికి. నా మొగని ముఖం నాకెర్క లేదని ఊరంత అన్నది. పుట్టిచ్చినోళ్లు సుత అడిగిన్రు, నిజమేనా అని. కాదని చెప్పెటోడు ఒక్కడన్న ఉంటడేమోనని వచ్చిన.”

“తప్పు నాది బిడ్డా,” అన్నాడు అప్ప మళ్లీ.

“నాకెందుకు చెప్తవు? నాకెర్క లేదా?” అని లోపలికి కేకేసింది. పాప వచ్చింది. బడి గౌను, ఒక చేతిలో పలక. చంకలో వచ్చిన పిల్ల ఇప్పుడు నిలబడి మనుషులను ఎగాదిగా చూసే వయసుకు వచ్చింది. “దీనికి చెప్పు. రేపు దీన్ని గూడ అంటరు.”

అప్ప మోకాళ్లు పట్టుకొని వంగాడు. పాప ముఖానికి తన ముఖం సమంగా తెచ్చుకొని చెప్పాడు. “మీ అమ్మ తప్పు చెయ్యలే. వేరేటోని ఫోటో చేసిచ్చింది నేను. తప్పు నాది.”

“గట్టిగ చెప్పు సేటు,” అన్నది ఆమె. “పక్కింటోళ్లకు ఇనవడాలె.”

మా అప్ప జన్మలో గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఫోటోకు కూర్చున్నవాళ్లతో కూడా గడ్డం కొంచెం పైకి అని గుసగుసగా చెప్పేవాడు. ఆయన నిటారుగా నిలబడి, రేకుల ఇళ్ల వైపు తిరిగి అరిచాడు. ఒక తలుపు తెరుచుకుంది. గోడ మీంచి ఇద్దరు ముసలివాళ్లు తొంగి చూశారు. దారిన పోయే ఆటో ఆగింది. ఆ ఆటో అతనే ఆ మాటను మాకంటే ముందు ఖేడ్‌కు మోసుకుపోయాడు, మరుసటి వారం నుంచి చావు ఫోటోకు మా మెట్లు ఎక్కినవాళ్లు లేరు. అప్పకు అది ఆ క్షణంలోనే తెలుసు. ఆటో వైపు చూసి కూడా ఆపలేదు. తప్పు నాది, ఈమె తన మొగుణ్ని గుర్తుపట్టకపోవడం అబద్ధం, నేను బతికున్నోని ఫోటో ఇచ్చిన అని అరుస్తూనే ఉన్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఇక చాలని చెప్పి చేయి పట్టుకుందామని నేను ముందుకు అడుగు వేశాను.

ఆమె నాకు అడ్డంగా చేయి పెట్టింది. కొంగు తల మీంచి జారిపోయి ఉంది, సర్దుకోలేదు. గోడల మీద ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తోంది.

“ఇంకోసారి,” అన్నది.